ఇంటికో పేజీ

టైలరమ్మ కొట్లో అందరికంటే పెద్దరికం కొలతల పుస్తకానిది. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే పుస్తకం. అట్ట ఊడితే గుడ్డ అంటించింది, కాగితాలు నిండితే కొత్తవి చేర్చి కుట్టింది, అంతేగాని మార్చలేదు. అందులో ఆవిడ పెట్టుకున్న నియమం ఒక్కటే, ఇంటికో పేజీ. మొగుడు పైనా పెళ్లాం కిందా అన్న పట్టింపేమీ లేదు, ఎవరు ముందు కొట్టుకొస్తే వాళ్లు పైన. వాళ్ల కింద పిల్లలు, ఆ కింద ముసలివాళ్లు. పేజీ తిప్పితే ఆ ఇంటి సంగతి తెలిసిపోయేది.

ఈ మధ్య ఆ నియమమే ఆవిడ ప్రాణం తీస్తోంది. పదేళ్లు ఒకే పేజీలో ఉన్న మొగుడూ పెళ్లాలు చెరో రోజు వచ్చి "నా కొలతలు విడిగా రాసుకోండి" అంటారు. నలభై దాటిన ఒకావిడ పేజీ మొత్తం ఒక్కతే ఆక్రమించుకుని హాయిగా ఉంది. ఇద్దరు స్నేహితురాళ్లు ఒక ఇల్లు తీసుకుని "మమ్మల్ని ఒకే పేజీలో రాయండి" అన్నారు. రాసింది. రాయక ఏం చేస్తుంది, కాగితం ఆవిడదైనా కాపురాలు వాళ్లవి కదా! మొండికేసింది మాత్రం సొంత ఇంటి పేజీ దగ్గర. అందులో పైన, పదకొండేళ్ల కిందట పోయిన భర్త. ఆయన కింద కూతురు. కూతురి కింద, పెళ్లి మాటెత్తకుండా తొమ్మిదేళ్లుగా ఆ పిల్లతో కలిసి ఉంటున్న అబ్బాయి. మొదటి రెండు వరుసలూ పెన్నుతో రాసినవి. మూడోది పెన్సిల్‌తో.

టైలరమ్మ కొలతలు మాత్రం పుస్తకంలో ఎక్కడా లేవు. తన బట్టలు తను కంటి అంచనాతోనే కోసుకుంటుంది.

ఆవిడకి అరవై నాలుగు. కొట్టు పైన రెండో అంతస్తులో ఉండే డ్రైవరు గారికి అరవై ఏడు. సిటీ బస్సు నడిపి నడిపి రిటైరయ్యాడు. ఇప్పటికీ కుర్చీలో కూర్చుంటే చెయ్యి పక్కకి పోయి లేని గేరు కోసం తడుముతుంది. పిల్లలు స్థిరపడి ఎవరి పేజీలకి వాళ్లు పోయాక ఆయన భార్య "ఇక నా బతుకు నన్ను బతకనివ్వండి" అని గొడవా గోలా లేకుండా విడాకులు తీసుకుని వెళ్లిపోయింది. ఆవిడని వేరే పేజీకి మార్చింది మన టైలరమ్మే. ఆ రోజు ఆయన పేరు కింద అంతా ఖాళీగా కనబడేసరికి మనసు చివుక్కుమంది. ఆ చివుక్కుమనడం ఎప్పుడు ఇంకోలా మారిందో ఆవిడకే తెలియదు. ఆయన మాత్రం గుండీ ఊడిందని ఒకసారి, ఊడేలా ఉందని ఒకసారి, ఊడకుండా గట్టిగా కుట్టమని ఒకసారి దిగి వస్తూనే ఉన్నాడు.

ఆ మధ్య ఒక రోజు గుండీ గొడవేదీ లేకుండానే వచ్చాడు. నిలబడే చెప్పేశాడు.

"టైలరమ్మ గారూ, మనం పెళ్లి చేసుకుందామండీ. మీ ఇల్లు మీదే, నా ఇల్లు నాదే. నేను గురక పెడతాను, మీరు తెల్లారకముందే మిషన్ తొక్కుతారు. ఒకరి నిద్ర ఒకరం చెడగొట్టుకోవడం దేనికి? పొద్దున టీ మీ దగ్గర, సాయంత్రం టీ నా దగ్గర. ఎవరికి ఒంట్లో బాగోకపోయినా రెండోవాళ్లు మెట్లు లెక్కపెట్టకుండా వచ్చెయ్యాలి. అదొక్కటే షరతు."

"ఇదేం పెళ్లండీ?"

"రెడీమేడ్ కాదండీ. మన ఒంటికి కొలిచి కుట్టించుకున్నది."

ఆవిడ ఫక్కున నవ్వింది. "మీకో చొక్కా కుడతాను. అది తీసుకెళ్లే రోజున జవాబు చెబుతాను" అంది. జవాబేమిటో ఇద్దరికీ తెలుసు. చొక్కా ఒక వంక, అంతే.

ఆ వంకే కొంప ముంచింది. ఎవరు ఏం కుట్టించుకున్నా టైలరమ్మ ముందుగా తీసేది నిలువు కొలత, మెడ వెనక ఎముక నుంచి మడమ దాకా. డ్రైవరు గారిది రెండేళ్ల కిందట యాభై ఎనిమిది అంగుళాలు. ఇప్పుడు యాభై ఆరు వచ్చింది. మళ్లీ కొలిచింది. యాభై ఆరే. ఛాతీ ఒక అంగుళం తగ్గింది, నడుమూ తగ్గింది.

భర్త పోయే ముందు ఏడాదిలో ఆయన చొక్కాలు ఆవిడ మూడుసార్లు బిగించింది. డాక్టరు చెప్పడానికి ముందే టేపు చెప్పింది. అప్పుడు ఆవిడ టేపుని నమ్మలేదు, ఈసారి నమ్మింది. ఒకసారి డాక్టరుకి చూపించుకోండి అన్న మాట నోటిదాకా వచ్చింది గాని, అంటే ఎక్కడ నిజమైపోతుందోనని మింగేసింది. ఇంకో మనిషి కళ్లముందే అంగుళం అంగుళం కరిగిపోతుంటే చూసే ఓపిక తనకి లేదు. వద్దని చెప్పాలి. ఆ చెప్పడమూ చేతకాక ఆయన వచ్చినప్పుడల్లా కాలరు గుడ్డ దొరకలేదనీ, దారం రంగు కలవలేదనీ నీళ్లు నమిలింది. చొక్కా ఎప్పుడో అయిపోయింది, ఇస్త్రీ చేసి అలమరలో ఉంది. ఆయనేమీ అమాయకుడు కాదు. వారం చూసి, రావడం మానేశాడు.

అలా ఎనిమిది రోజులు గడిచాక, మధ్యాహ్నం కూతురు ఒక బట్ట పట్టుకుని వచ్చింది. ప్రమోషన్ వచ్చిందట, ఆఫీసు సభకి పొడవాటి గౌను కావాలట. బట్ట బల్ల మీద పడేసి, కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"అంకుల్ బయట కనిపించారమ్మా. ముఖం వేలాడేసుకుని ఉన్నారు. వద్దన్నావా?"

"వద్దనలేదు."

"సరే అన్నావా?"

"అదీ అనలేదు."

"పెళ్లెప్పుడు, పెళ్లెప్పుడు అని తొమ్మిదేళ్లు నన్ను పీక్కుతిన్నావు. తీరా నీ దాకా వస్తే నానుస్తున్నావా? ఎవరైనా ఏమైనా అంటారనా?"

"అనేవాళ్లంతా నా దగ్గరే కుట్టించుకుంటారు. అంటే ఊపిరాడకుండా కుట్టి పడేస్తాను. నువ్వు ముందు తిన్నగా నిలబడు."

కూతురు నిలబడింది. టైలరమ్మ మెడ నుంచి మడమ దాకా టేపు వదిలి, వంగి చూసి, "యాభై రెండున్నర" అంది. రాసుకోవడానికి కూతురే పుస్తకం తెరిచి సొంత పేజీ తీసింది. ముందు పెన్సిల్ వరుస చూసి మూతి తిప్పింది. తర్వాత తన వరుస చూసి ఆగిపోయింది.

"ఇక్కడ యాభై నాలుగు అని ఉందేమిటమ్మా?"

టైలరమ్మ చేతిలోంచి టేపు జారిపోయింది. "నువ్వు కూడానా తల్లీ!" అని కూతురి రెండు భుజాలూ పట్టుకుంది. అక్కడితో కట్ట తెగింది. డ్రైవరు గారి రెండంగుళాలు, నాన్న చొక్కాలు, అలమరలో దాచిన చొక్కా, అన్నీ ఏడుస్తూ చెప్పేసింది.

కూతురు కాసేపు తల్లి వీపు నిమిరింది. తర్వాత అనుమానంగా టేపు వైపు చూసింది. "మొన్ననే ఆఫీసులో అందరికీ ఆరోగ్య పరీక్ష చేశారు. నా ఎత్తు వెంట్రుకవాసి తగ్గలేదు. ఈ టేపుని ఏం చేశావు?"

"ఏం చేస్తాను? పోయిన వానల్లో సబ్బునీళ్ల బకెట్లో పడితే ఉతికి ఆరేశాను. ముడతలు పోతాయని కింద పెద్ద కత్తెర కట్టి మేకుకి వేలాడదీశాను."

"ఎన్నాళ్లు?"

"ఆరేదాకా. మూడు రోజులో, నాలుగో."

కూతురు బల్ల మీదున్న ఇనప స్కేలు తీసి టేపు పక్కన పెట్టింది. స్కేలు మీద పన్నెండు అయిపోయింది, టేపు ఇంకా పదకొండూ ముప్పావు కూడా చేరలేదు. కొట్టు తెరిచిన నాటి గుడ్డ టేపు. తడిసి, కత్తెర బరువుకి సాగిపోయింది. నెలల తరబడి అందరినీ దాంతోనే కొలిచింది, బట్టా దాంతోనే కోసింది, కాబట్టి ఎవరికీ ఒక్క కుట్టు కూడా తేడా రాలేదు.

"ఇంతమందిని కొలుస్తావు, పాత కొలత వెతికి పక్కన పెట్టుకుని చూసింది ఒక్క అంకుల్‌దేనా?" అంది కూతురు. తల్లి ముఖం కందిపోయింది.

టైలరమ్మ ఎదురు కొట్లో కొత్త టేపు కొంది, అలమరలోంచి చొక్కా తీసింది, మోకాళ్ల నొప్పి సంగతి మరిచిపోయి రెండు అంతస్తులూ ఎక్కింది. డ్రైవరు గారు తలుపు తీశాడు.

"వెనక్కి తిరగండి" అంది ఆవిడ.

ఆయన తిరిగాడు. ఆవిడ దేవుళ్లందరికీ మనసులో చెప్పుకుని టేపు వదిలింది. యాభై ఏడున్నర. ఇంకోసారి. యాభై ఏడున్నరే. ఒకటిన్నర అంగుళం టేపు మింగింది సరే, మిగతా అరంగుళం? దానికి ఏ కత్తెరనీ ఏ బకెట్‌నీ తిట్టడానికి లేదు. ఆ అరంగుళం వయసు తీసుకుపోయింది. ఆవిడ అక్కడున్న కుర్చీలో కూలబడి, ఉన్నది ఉన్నట్టు మొత్తం చెప్పింది.

ఆయన అంతా విని, "పోతానేమోనని భయపడ్డారా?" అన్నాడు.

"అవునండీ."

"అందుకని ముందే వదిలేద్దామనుకున్నారా?"

"అవును. బుద్ధి గడ్డి తింది. పోగొట్టుకుంటానని భయపడి, ముందే పోగొట్టుకుని కూర్చున్నాను. ఈ ఎనిమిది రోజులూ మీరు రాకపోతే కొట్టు కొట్టులా లేదు. ఒక్క గుండీ ఊడినా బాగుండునని మెట్ల వైపే చూశాను."

"మరి ఆ అరంగుళం నిజమే కదండీ. ఇంకా తగ్గుతానేమో."

"తగ్గితే మడిచి కుడతాను. ఇన్నేళ్లూ చేస్తున్న పని అదేగా! ముందు ఈ చొక్కా వేసుకోండి."

దొంగ టేపుతో కొలిచి, దొంగ టేపుతోనే కోసిన చొక్కా. ఆయన ఒంటికి అతికినట్టు సరిపోయింది.

ఇద్దరూ కిందికి దిగేసరికి కూతురు గుమ్మంలోనే కాపు కాస్తోంది. టైలరమ్మ ఎవరి ముఖమూ చూడకుండా పెన్ను తీసి, ముందు తన ఇంటి పేజీ తెరిచి, పెన్సిల్ అంకెల మీద ఒక్కొక్కటే దిద్దడం మొదలుపెట్టింది.

"పెళ్లి కాకుండానే పెన్నా!" అంది కూతురు.

"పెళ్లి మీ ఇష్టం. పెన్ను నా ఇష్టం. తొమ్మిదేళ్లుగా ఆ అబ్బాయి ఈ ఇంటి మనిషే. నేనే రాయలేకపోయాను."

తర్వాత డ్రైవరు గారి పేజీ తీసింది. యాభై ఎనిమిది కింద యాభై ఏడున్నర అని రాసింది. దాని కింద ఇంకా ఖాళీ ఉంది. కాసేపు దాన్నే చూసి, కొత్త టేపు ఆయన చేతికిచ్చి, వెనక్కి తిరిగి నిలబడింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆవిడని కొలిచినవాళ్లు లేరు.

"ఇళ్లు రెండన్నాం కదండీ. ఇంటికో పేజీ కదా మీకు?" అన్నాడాయన.

"మార్చాను. కొలవండి."

అంత పెద్ద బస్సుని సందుల్లో తిప్పిన మనిషికి ఆ టేపు తిన్నగా పట్టుకోవడం చేతకాలేదు. కళ్లజోడు లేకుండా చదివి "అరవై రెండు" అన్నాడు. "నా జన్మలో అంత పొడుగు లేనండీ" అంది ఆవిడ. కూతురు బల్ల మీదున్న తల్లి కళ్లజోడు తీసిచ్చింది. ఈసారి యాభై ఒకటిన్నర వచ్చింది.

"ఇంతకు ముందు ఎంత ఉండేవారు?"

"ఎవరికి తెలుసు? ఎవరు కొలిచారు గనక?" టైలరమ్మ పెన్ను కూడా ఆయన చేతికే ఇచ్చింది. "తేదీ వేసి రాయండి. ఇదే మొదటి కొలత. ఇక్కడి నుంచి ఎంత తగ్గానో చూసుకోవాల్సింది మీరే."