మెర్విన్ మాట

మా రేవులో కార్లని నది దాటించే పంటు నడిపే మెర్విన్ నోరు మూతపడేది కాదు. ఆ దాటే కాసేపట్లోనే ఎదుటివాళ్ల ఊరూ పేరూ రాబట్టేవాడు. ఇంటికొచ్చి అదంతా భార్య కోరల్‌కి వినిపించేవాడు. ఆమె పండ్ల షెడ్డులో రోజంతా యంత్రాల రొద మధ్య ఆప్రికాట్లు ఏరి వచ్చిన మనిషి.

"ఆ నోటికి కాస్త సెలవివ్వవయ్యా!" అనేది.

"సెలవిస్తే పంటు కదలదే!" అని అతను నవ్వేవాడు.

నేను వాళ్ల పక్కింటిదాన్ని. ఆ మాటలు కంచె దాటి మా వంటింట్లోకి వచ్చేవి.

ఆ ఏడు మర్రే నదికి పెద్ద వరద వచ్చింది. పంటు ఆపేశారు. సాయంత్రాలు మెర్విన్ చొక్కా విప్పేసి గట్టు మీద ఇసుక బస్తాలు మోశాడు. వరద తీశాక కూడా పొలాల్లో మడుగులు క్రిస్మస్ దాటేదాకా ఇంకలేదు. చీకటి పడుతుంటే దోమలు ముసురుకునేవి.

"ఒళ్లు కప్పుకో" అని కోరల్ కసిరితే, "నన్ను కుట్టిన దోమ కూడా వాగుడు మొదలెడుతుంది చూడు" అనేవాడు.

ఫిబ్రవరిలో ఒకనాడు తలనొప్పి అన్నాడు. మర్నాటికి ఒళ్లు కాలిపోయింది. కోరల్ టీ కప్పు చేతికిస్తే "గొడుగు దేనికి?" అన్నాడు. ఆమె వేళాకోళమనుకుని నవ్వింది. అతను నవ్వలేదు. మధ్యాహ్నానికి ఫిట్స్ వచ్చాయి. హెలికాప్టర్లో అడిలైడ్ ఆసుపత్రికి తీసుకెళ్లారు.

"దోమకాటుతో వచ్చిన వైరస్ అండీ. చాలామందిని ఏమీ చెయ్యదు. ఈయనకి మెదడుకెక్కింది" అంది డాక్టరమ్మ.

"మందివ్వండి మరి" అంది కోరల్.

"దీన్ని చంపే మందు లేదు. ఊపిరి ఆగకుండా, ఫిట్స్ రాకుండా చూసుకుంటూ ఎదురుచూడాలి."

"మునుపటిలా అవుతాడా?"

"చెప్పలేనమ్మా. మీకు అబద్ధం చెప్పలేను."

జూన్‌లో చలికాలం మొదలయ్యాక ఇంటికొచ్చాడు. చేతికర్ర, ఈడ్చే ఎడమ కాలు. అందరినీ గుర్తుపడతాడు, చెప్పింది అర్థమవుతుంది. మాట మాత్రం రాదు.

ఒకరోజు కోరల్ కంచె దగ్గరకొచ్చి నిలబడింది. "ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో చూశావా నెల్? చచ్చిపోతున్నాను."

కంచె మీదున్న ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"షెడ్డు నుంచి వచ్చి గేటు దగ్గర ఆగిపోతాను. లోపల వాగుతున్నాడేమోనని వింటాను. తలుపు తీస్తే కిటికీ పక్కన కూర్చుని ఉంటాడు. ఎదురుగా ఉన్న మనిషి మీద ఇంత బెంగేంటే నాకు?"

తర్వాత ఆమే మాట్లాడటం మొదలుపెట్టింది. అతని కబుర్లనే అతనికి చెప్పేది. నేను బట్టలారేస్తుంటే ఒకసారి వరండాలోంచి వినబడింది.

"అప్పుడు నువ్వు పట్టిన కాడ్ చేప ఇంతుంది" అని మూర చూపించింది. మెర్విన్ తల అడ్డంగా ఊపాడు. ఇంకాస్త చాపింది. మళ్లీ ఊపాడు. చివరికి రెండు చేతులూ బార చాపింది. అతను కర్ర పక్కన పెట్టి, ఆ చేతుల్ని పట్టుకుని ఇంకా వెడల్పుకి లాగాడు.

"అబద్ధాలకోరా! అంత చేప నీ పడవలో పడుతుందా?"

మెర్విన్ దవడ కదిలింది. మెడ నరాలు బిగుసుకున్నాయి.

"పట్టింది" అన్నాడు.

కోరల్ చాపిన చేతులు అలాగే ఉంచేసి ఏడ్చింది.

ఆ తర్వాత ఒక్కో మాటా వచ్చింది. టీ. నొప్పి. కోరల్. మాటలు నేర్పడానికి వారం వారం ఒకామె వచ్చేది. అంతకు మించి కబుర్లు రాలేదు. పంటు ఉద్యోగం పోయింది. కోరల్ ఇప్పటికీ గేటు దగ్గర ఆగడం మా కిటికీలోంచి కనిపిస్తూనే ఉంటుంది.

వసంతం వచ్చాక ఒక ఆదివారం మెర్విన్ నది వైపు వేలు చూపించాడు. ఇద్దరినీ నా కారులో ఎక్కించుకున్నాను. పంటు మీద కొత్తవాడు గేటు వేసి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లి మోటారు తిప్పాడు. పంటుని లాగే ఇనుప తాడు నీళ్లలోంచి పైకి లేచి నీళ్లోడుతోంది. వెనక సీట్లో కోరల్ భర్త భుజానికి తలానించింది.

"ఏదైనా చెప్పు మెర్విన్" అంది మెల్లగా.

అతను ఆమె చెయ్యి నొక్కాడు.

అవతలి ఒడ్డున పంటు దిగాం. అక్కడ మాకేం పనిలేదు. "ఎటు పోదాం?" అన్నాను.

కోరల్ అతని వైపు తిరిగింది. అతను చాలాసేపు పెదాలు కదిపాడు. మేం తొందరపెట్టలేదు.

"ఇంకోసారి" అన్నాడు.

కారు వెనక్కి తిప్పి, పంటు మీంచి మిగతా కార్లు దిగేదాకా, మళ్లీ ఎక్కే వరసలో ఆగాను.