వరసలో చివరి ఇల్లు

ఎమరీ పెల్కీ పాలతొట్టి మూత ఎత్తి, ముక్కు లోపలికి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. పులుపు లేదు. ఆవులు మేసిన అడవి ఉల్లికాడల వాసన లేదు. మూత దించి ఉక్కు కొలబద్ద తుడిచాడు. తొట్టిలో ముంచి తీసి, తడి ఎక్కడిదాకా వచ్చిందో చూసి చీటీ మీద రాశాడు. చిన్న సీసాలో నమూనా పట్టి మంచుపెట్టెలో సర్దాడు. ఆ తర్వాతే ట్యాంకరు నుంచి గొట్టం లాగాడు.

పొట్టి మనిషి. యాభై ఎనిమిదేళ్ళు. మెడ ఎర్రగా కాలి ఉంటుంది, ఎడమ చూపుడువేలికి కొస లేదు. ఇరవై రెండేళ్ళుగా ఈ కొండదారిలో పధ్నాలుగు కొట్టాల పాలు ఎత్తుతున్నాడు. అతని ముక్కుకి ప్రభుత్వం లైసెన్సు ఉంది. వెర్మాంట్ రాష్ట్రం పరీక్ష పెట్టి, ముద్ర కొట్టి ఇచ్చిన కార్డు చొక్కా జేబులో ఉంటుంది. పాలు చెడ్డాయని ఎమరీ అంటే వెయ్యి గ్యాలన్లయినా కాలవలో పోయాల్సిందే. ఎవడూ మారుమాట్లాడడు.

ఈ గురువారం స్టీరింగు పక్క అరలో ఇంకో కాగితం కూడా ఉంది.

వెండెల్ కిట్రెజ్ పొలానికి ఎమరీ 1971లో గడ్డికోతలకి కూలికొచ్చాడు. కోతలయ్యాయి, మంచు పడింది, ఎమరీ వెళ్ళలేదు. జనాభా లెక్కలవాళ్ళు ఒకసారి 'జీతగాడు' అని, ఇంకోసారి 'అద్దెకున్నవాడు' అని రాసుకుపోయారు. ఇద్దరూ ఏమీ అనలేదు. అనాల్సి వస్తుందనుకోలేదు.

పోయిన జనవరిలో అనాల్సి వచ్చింది. జీవితమంతా బూజుగడ్డి దుమ్ము పీల్చిన వెండెల్ ఊపిరితిత్తులు మొరాయించాయి. ఆసుపత్రిలో నర్సు అడిగింది, "మీరు ఆయనకి ఏమవుతారు?"

"ఆయన ఇంట్లో ఉంటాను."

"అయితే బయట కూర్చోండి."

తొమ్మిది గంటలు వరండాలో కూర్చున్నాడు. గొంతులో గొట్టం వెయ్యాలా వద్దా అని వాళ్ళు ఫోన్ చేసి అడిగింది దూరాన కనెక్టికట్ రాష్ట్రంలో ఉన్న వెండెల్ అన్నకొడుకుని. వాడు ఈ గడప తొక్కి పదకొండేళ్ళయింది.

ఇంటికొచ్చాక వెండెల్ అన్నాడు, "ఈసారి నేను పోతే వాడు నన్ను కనెక్టికట్ పట్టుకుపోతాడు. కొండ మీద మా అమ్మ పక్కన పెట్టు నన్ను. ఆ పక్కన నీకూ చోటుంచుకో. దానికి ఏ కాగితం కావాలో చూడు."

ఆ వసంతంలో రాజధానిలో పెద్దలు నెలల తరబడి అరుచుకుని ఒక చట్టం చేశారు. ఇద్దరు మగవాళ్ళయినా ఇద్దరు ఆడవాళ్ళయినా జంటగా రాయించుకుంటే పెళ్ళికుండే హక్కులన్నీ ఇచ్చారు, పెళ్ళి అన్న మాట మాత్రం ఇవ్వలేదు. సివిల్ యూనియన్ అన్నారు.

"పెళ్ళికి స్పేర్ టైరన్నమాట," అన్నాడు వెండెల్. నవ్వితే దగ్గు ముంచుకొచ్చింది. "పోనీలే. దాంతోనైనా ఇల్లు చేరొచ్చు."

మంగళవారం ఇద్దరూ టౌన్ ఆఫీసుకి వెళ్ళారు. ఏటా కుక్కకి లైసెన్సు బిళ్ళ తీసుకునే బల్ల దగ్గరే ఈ కాగితమూ ఇస్తారు. ఆఫీసు గుమాస్తా లొరేన్ కుక్క ఎలా ఉందని నవ్వుతూ అడిగింది. వచ్చిన పని విన్నాక నవ్వు మానేసి, చచ్చిన ఎలకని తోక పట్టి ఎత్తినట్టు కాగితం తీసి ఇచ్చింది. ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఇక మిగిలింది మూడో సంతకం. పెళ్ళిళ్ళు జరిపించే హక్కుతో ఊరివాళ్ళు ఓట్లేసి ఎన్నుకున్న జస్టిసు ఎవరైనా వాళ్ళ ముందు నిలబడి, ఇద్దరి చేతా ఔననిపించి పెట్టాలి.

"పక్క ఊరివాడు వద్దు. మనల్ని ఎరిగినవాడి ముందే చెప్పాలి," అన్నాడు వెండెల్.

ఎమరీ దారిలో అలాంటి జస్టిసులు ముగ్గురున్నారు.

ఈ తెల్లవారుజామున వెండెల్ తెల్లచొక్కా, నల్లబూట్లు అడిగాడు. ఒళ్ళో పేపరు పరుచుకుని, ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతోనే బూట్లకి పాలిష్ పట్టాడు. రుద్దడం, ఆగడం, ఊపిరి తీసుకోవడం, మళ్ళీ రుద్దడం.

"ఎన్నింటికి తెస్తావు మనిషిని?"

"వరస అయ్యాక."

"ఒక్కరోజు వరస తప్పితే ఆవులు అలుగుతాయా?"

"పాలు ఆగవు కదా."

"అదీ నిజమే. పో."

మొదటి జస్టిసు కొట్టం గోడ మీద, ఆ చట్టం గిట్టనివాళ్ళు ఊరూరా పెడుతున్న కొత్త బోర్డు వేలాడుతోంది: మన వెర్మాంట్‌ని మనం వెనక్కి తీసుకుందాం. ఎమరీ దాన్ని రెండుసార్లు చదివాడు. వాసన చూసి, కొలిచి, కాగితం సంగతి ఎత్తకుండా బయల్దేరాడు.

పదకొండింటికి హాలిస్ డ్రౌన్ కొట్టం చేరాడు. హాలిస్ గడ్డిబండి పక్కన చెమటలు కక్కుతున్నాడు.

"హాలిస్, నీతో ఒక పనుంది. జస్టిసు పని."

"ఆ సంగతి విన్నాలే. బండి దించాక మాట్లాడుకుందాం. మబ్బు చూశావుగా!"

ఇద్దరూ నూట నలభై మోపులు అటకెక్కించారు. నలభై నిమిషాలు పట్టింది. హాలిస్ చేతులు కడుక్కుని, కాగితం దూరంగా పట్టుకుని చదివాడు.

"ఎమరీ, మీ ఇద్దరి మీదా నాకేమీ లేదు."

"అయితే పెట్టు."

"మా ఆవిడ ఊరుకోదు. చర్చిలో తల ఎత్తుకోవద్దూ?"

"మోపులు దించకముందు తెలియదా ఈ మాట?"

హాలిస్ మబ్బు వంక చూశాడు.

"మీ నాన్న పోయినప్పుడు వారమంతా నీ ఆవుల్ని పితికిందెవరు?"

"నువ్వూ వెండెలూ."

"వెండెల్ నాకేమవుతాడో నీకు తెలుసు, మీ ఆవిడకి తెలుసు, మీ కుక్కకి కూడా తెలుసు."

"తెలుసయ్యా. తెలియడం వేరు, రాసివ్వడం వేరు."

ఎమరీ పాలగదిలోకి నడిచాడు. హాలిస్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఒక్క మాట చాలు. రెండు రోజుల పాలు కాలవ పాలు. ఎమరీ మూత ఎత్తి వాసన చూశాడు. మంచి పాలు. మళ్ళీ చూశాడు. మంచి పాలే. చీటీ మీద 'బాగున్నాయి' అని రాస్తుంటే పెన్సిలు ముల్లు పటుక్కున విరిగింది.

ఆఖరి ఇల్లు బ్యూలా రాండ్‌ది. మూడో జస్టిసు. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి, ఊరందరికీ అత్త. కాగితం చదివి కళ్ళజోడు తీసేసింది.

"మంగళవారం తీసుకున్న కాగితం ఇవాళ తెస్తావట్రా? ఎవరెవరి గుమ్మాలు తొక్కొచ్చావు?"

"మీ ఇల్లు వరసలో చివరిది అత్తా."

"వరస! తగలబెట్టు నీ వరస. చట్టం వచ్చిన రోజే మీ కోసం కొత్త పెన్ను కొనిపెట్టుకున్నాను. ఎప్పుడొస్తార్రా ఈ మొద్దులు అని చూస్తున్నాను."

ఏప్రన్ విప్పి, టోపీ పెట్టుకుని ట్యాంకరెక్కింది. నిండు ట్యాంకరుతో ఎమరీ ఇంటి దారి పట్టడం ఇరవై రెండేళ్ళలో అదే మొదలు.

కుక్క మొరగలేదు. వెండెల్ వంటింటి కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. తెల్లచొక్కా, గడ్డం గుండెల మీదికి వాలి ఉంది. ఎడమకాలికి బూటు వేసుకుని లేసు కట్టుకున్నాడు. కుడికాలికి మేజోడు ఒక్కటే. ఆక్సిజన్ యంత్రం ఎవరి కోసమో ఊపిరి తీస్తోంది. ఎమరీ దాన్ని ఆపాడు.

బ్యూలా వెండెల్ చెయ్యి పట్టుకుంది. "ఇంకా వెచ్చగానే ఉంది," అంది. అన్నాక పెదవి కొరుక్కుంది.

నలభై నిమిషాలు, అనుకున్నాడు ఎమరీ. నూట నలభై మోపులు.

"పెట్టండి అత్తా. మా సంతకాలు ఉన్నాయి. మీదొక్కటే తక్కువ."

ఆవిడ పెన్ను మూత తీసింది. సంతకం గీత దాకా తెచ్చి ఆగింది. "ఔనని మనిషి నోటితో అనాలిరా. అది నేను వినాలి. అబద్ధపు సంతకం ఒక్కటీ పెట్టలేదురా ఇన్నేళ్ళలో."

"ఇరవై తొమ్మిదేళ్ళు రోజూ అన్నాడు అత్తా."

ఆవిడ పెన్ను బల్ల మీద పెట్టి మొహం కప్పుకుంది.

నాలుగింటికి శవాలబండి వచ్చింది. సూటు మనిషి ఫారం తీసి, ఆసుపత్రి కాగితాలు చూసి అప్పటికే నింపిన గడులు చదివాడు. అవివాహితుడు. దగ్గర బంధువు, అన్నకొడుకు. ఆయన ఫోన్‌లో చెప్పారు, కనెక్టికట్ తీసుకురమ్మని.

"కొండ మీద ఆయనకి చోటుంది," అన్నాడు ఎమరీ.

"కుటుంబం చెప్పినట్టు చెయ్యాలండి. తమరు ఏమవుతారు?"

"రాయవయ్యా!" బ్యూలా బల్ల మీద గుద్దింది. "మొగుడని రాయి, పెళ్ళామని రాయి, నీ ఇష్టమొచ్చింది రాయి! ఈయన తప్ప ఆయనకి ఎవడున్నాడని?"

"దానికి ఇందులో గడి లేదమ్మా."

ఎమరీ చొక్కా జేబులోంచి కార్డు తీసి అతని ఫారం మీద పెట్టాడు.

"ఇదీ ప్రభుత్వం ఇచ్చిందే. నా మాట నమ్ముతామని ముద్ర కొట్టి ఇచ్చారు. నమ్మండి."

సూటు మనిషి కార్డుని అటూ ఇటూ తిప్పి చదివాడు. మర్యాదగా తిరిగిచ్చాడు.

"ఇది పాల సంగతండి."

ఎమరీ కార్డు రెండుగా విరిచి పొయ్యిలో పడేశాడు. వాళ్ళు వెండెల్‌ని ఎలా ఉన్నవాణ్ణి అలాగే దుప్పటి చుట్టి తీసుకుపోయారు. బండి మలుపు తిరిగేదాకా ఎమరీ గుమ్మంలో నిలబడ్డాడు. వాకిట్లో నిండు ట్యాంకరు ఎండకి నిలబడి ఉంది.

ఖాళీ కుర్చీ ముందు కుడికాలి బూటు ఉంది, తళతళలాడుతూ, లేసు పూర్తిగా వదులు చేసి, పాదం దూర్చుకోవడానికి నోరు తెరిచి పెట్టి.