శనివారం స్నానశాల

మా పదో తరగతిలో షాకెన్ అనే పిల్ల ఉండేది. దాని నోట్లో నువ్వుగింజ నానేది కాదు. మా ఊరు కారా-బులున్‌లో ఎవరి గుర్రం ఈనినా, ఎవరి కొడుక్కి సైన్యంలో సెలవు దొరికినా, ఆ కబురు మోసుకుని అందరికంటే ముందు పరిగెత్తేది అదే. ఊరికే కాదులెండి. మంచి కబురు తెచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి "సుయున్చు" అని కేకేస్తే, ఇంటివాళ్లు ఏదో ఒకటి చేతిలో పెట్టి ఆ తర్వాతే కబురు వినాలి. ఆ సుయున్చుల మీదే అది రిబ్బన్లూ మిఠాయిలూ సంపాదించింది. ఓసారి బతికున్న కోడిని చంకలో పెట్టుకుని బడికొచ్చింది.

ఇప్పుడు ఊళ్లో ఇంటింటికీ గీజరుంది. మా అన్న కూతురు స్నానాల గదిలోకి వెళ్లి తలుపేసుకుంటే గంటకి గానీ బయటికి రాదు. దాన్ని చూస్తే నాకు కోపమూ వస్తుంది, జాలీ వేస్తుంది. తలుపేసుకుని ఒక్కర్తీ చేసేది కూడా ఒక స్నానమేనా?

సోవియట్లు పోయి, కొల్హోజు అనే ఉమ్మడి క్షేత్రం పొలాలూ మందలూ ఊరివాళ్లు పంచుకున్నాక, పంచని వాటిని కూడా పంచేసుకున్నారు. వాటిలో మొదటిది కొల్హోజు స్నానశాల. ఒకరు తలుపు పీక్కుపోయారు, ఒకరు గొట్టాలు, ఒకరు బల్లలు, ఇంకొకరు గోడకున్న పింగాణీ పలకలు. నడిమధ్య రాగి కాగు ఉండేది, గుర్రం పిల్ల పట్టేంత పెద్దది. అది కూడా మాయమైంది. మూడు చలికాలాలు గడిచేసరికి అక్కడ నాలుగు గోడలూ, మధ్యలో మేకలూ మిగిలాయి.

ఆ ఏడు మాకు చేతిపని నేర్పే మాస్టారు సొవెత్‌బెక్ అగాయ్, ఊరికి పనికొచ్చేది ఏదైనా చెయ్యండి, మీరే ఆలోచించి చెప్పండి అన్నాడు. అంతకుముందు తరగతులన్నీ పీటలు చేశాయి. బడి నిండా కూర్చునేవాళ్లకంటే పీటలే ఎక్కువ.

"ఊరి మొగలో రాతి గద్దని నిలబెడదాం" అన్నాడు మర్లెన్.

"గద్ద పేలు తీస్తుందేంట్రా" అన్నాను. తల దురద పుట్టి చస్తున్న రోజులవి. "స్నానశాల బాగుచేద్దాం అగాయ్."

అగాయ్ నవ్వాడు. "గోడలు తప్ప ఏమున్నాయే అక్కడ? సరే, ఆలోచిద్దాం."

అంతే అన్నాడాయన. ఆలోచిద్దాం అనే మాట షాకెన్ చెవిలో పడి, బడి గేటు దాటేలోపు తెరుస్తున్నారు అయిపోయింది. ఆలు లేదు చూలు లేదు, సాయంత్రానికల్లా అది బత్మకాన్ అపా గుమ్మంలో నిలబడి సుయున్చు అని కేకేసింది.

మేమంతా అపా అని గౌరవంగా పిలిచే ఆ పెద్దావిడ కొల్హోజు ఉన్నంతకాలం ఆ స్నానశాలలోనే పనిచేసింది. ఊళ్లో ఆవిడ రుద్దని ఆడవాళ్ల వీపు లేదు. పురిటి పిల్లకి నలభయ్యో రోజు స్నానం ఆవిడ చెయ్యే, పెళ్లికూతురికీ ఆవిడ చెయ్యే. ఎవరైనా "నువ్వు తిరుగు అపా, నీ వీపు నేను రుద్దుతా" అంటే మాత్రం "నా వీపు సంగతి నేను చూసుకుంటాలే" అనేసేది. ఇప్పుడు వేళ్ల కణుపులు ఉబ్బి చెంబు కూడా పట్టలేకపోతోంది. పెనిమిటి పోయాడు. విందులకి రావడం మానేసింది. బలవంతంగా తీసుకొచ్చినా పెద్దవాళ్లు కూర్చునే పైచోటుకి రాకుండా, తలుపు దగ్గర చెప్పుల పక్కన కూర్చునేది. వయసు మీదపడింది, చాదస్తం అనుకున్నారు అంతా. మా అమ్మతో మాత్రం ఒకసారి అందట: "నా ఒంటి వాసన నాకే తెలుస్తోంది జామాల్. మనుషుల మధ్య కూర్చోలేను."

అలాంటి మనిషికి స్నానశాల తెరుస్తున్నారని చెప్పింది మా షాకెన్. ఆవిడ పెట్టె తీసి, తన చావు కోసం దాచుకున్న గుడ్డల మూట విప్పింది. మనిషి పోతే వచ్చిన ఆడవాళ్లకి చింపి పంచే గుడ్డలవి. అందులోంచి నీలం శాటిన్ తాను తీసి, "నేను పోయాక పంచేదాన్ని ఉండగానే ఇస్తే తప్పేముంది, కట్టుకో తల్లీ" అని దీని చేతిలో పెట్టింది.

మర్నాడు ఆ తాను భుజాన వేసుకుని రాణిగారిలా వచ్చింది షాకెన్. అగాయ్ అడిగాడు:

"ఏం చెప్పావే ముసలమ్మకి?"

"శనివారం స్నానశాల తెరుస్తున్నారని."

"ఏ శనివారం?"

"అది చెప్పలేదు అగాయ్."

తరగతంతా గొల్లుమంది. అగాయ్ నవ్వలేదు. ముఖం మీద చెయ్యి రాసుకున్నాడు. పుచ్చుకున్న సుయున్చు తిరిగివ్వకూడదు. తిరిగిస్తే మంచి కబురు చెడ్డ కబురై కూర్చుంటుంది. ఇవ్వకపోతే ఆ ముసలమ్మ చావు గుడ్డని అబద్ధం చెప్పి కాజేసిందని జన్మంతా అనిపించుకోవాలి. "కబురు అబద్ధమైతే నిజం చెయ్యడం ఒక్కటే దారి" అన్నాడు ఆయన చివరికి. షాకెన్ అప్పుడు ఏడ్చింది.

మొదట మర్యాదగా ఇంటింటికీ వెళ్లి, స్నానశాల వస్తువులేమైనా మీకు తెలుసా అని అడిగాం. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, తలుపు సంగతి అడగకముందే మా నాన్న "మాకు తలుపేం తెలుసు" అన్నాడు. ఆ తలుపు మా గొర్రెపిల్లల దొడ్డికి ఉంది. 'ఆడవారికి' అనే అక్షరాలు కూడా చెరగలేదు.

ఉపాయం చెప్పింది షాకెనే. నోటితో చేసిన తప్పు నోటితోనే దిద్దుకుంటానంది. మొదట మా ఇంటికే వచ్చి, పెద్దవాళ్లని పిలిచే పిలుపుతో మా నాన్నని పిలిచింది.

"సుయున్చు, బైకే. స్నానశాల తెరుస్తున్నారు."

"మంచి కబురే. ఏం కావాలే నీకు?" అన్నాడు నాన్న, మిఠాయి కోసం జేబు తడుముకుంటూ.

"ఆ దొడ్డి తలుపు."

నాన్న దాన్ని చూశాడు, తలుపుని చూశాడు, నన్ను చూశాడు. నేను పొయ్యి వైపు తిరిగాను. దొంగసొత్తు తిరిగిచ్చెయ్ అంటే ప్రాణం పోయినా ఇవ్వడు. సుయున్చు అడిగితే లేదనే మగాడు మా ఊళ్లో పుట్టలేదు. "గొర్రెపిల్లలకి చలేస్తుందే" అని గొణిగి, తనే మేకులు ఊడబీకాడు.

ఆ తర్వాత పదోతరగతికి ఊరు పట్టలేదు. ఒకరింట్లో కుక్క గంజి తాగే సత్తు బేసిన్లు, ఒకరి కంచెలోంచి గొట్టాలు, కొట్టువాడి అరలు చేసిన బల్లలు, అన్నీ సుయున్చులై బయటికొచ్చాయి. మేం వెళ్లని ఇళ్లవాళ్లు సిగ్గుపడి తెల్లారేసరికి బడి గోడ దగ్గర పెట్టిపోయేవారు. గోడ పలకలు సగం పగిలిపోయి వచ్చాయి, అదీ తలో రంగువి, ఎందుకంటే పాతవి పోగొట్టుకున్నవాళ్లు కొత్తవి తెచ్చి పెట్టారు. ఆడపిల్లలం వాటిని ముక్కలు చేసి, గోడ మీద పొట్టేలు కొమ్ముల ముగ్గు అతికాం. మేకపేగుల్లా ఉన్నాయన్నాడు మర్లెన్. వాడి జుట్టుకి సున్నం పూశాం. ఆ శరదృతువంత సంతోషంగా నేను మళ్లీ ఎప్పుడూ లేను. పెళ్లినాడు కూడా లేను, ఈ మాట మా ఆయన వింటే వినుగాక.

అన్నీ వచ్చాయి, కాగు రాలేదు. పాత రాగి కొనే చైనా లారీలకి ఎవరో అమ్మేసి ఉంటారన్నారు. అగాయ్ నూనె పీపాలు అతికి చూశాడు. ఎర్రటి తుప్పు నీళ్లొచ్చాయి, ఆ పైన అతుకు ఊడింది. ఈలోగా మొదటి మంచు పడింది.

అక్కడ బత్మకాన్ అపాకి ఏ శనివారమో తెలియదు కదా. అందుకని ప్రతి శనివారమూ తువ్వాలూ దువ్వెనా మూటకట్టుకుని పొద్దున్నే తన వాకిట్లో అరుగు మీద కూర్చునేది. పొద్దు వాలాక మూట తీసుకుని లోపలికెళ్లేది. షాకెన్ ఆ వీధి తప్పించుకుని, ఏటి గట్టు చుట్టి బడికి రావడం మొదలుపెట్టింది.

చివరికి ఒక శనివారం, శాటిన్ తాను మడిచి కోటు కింద పెట్టుకుని, తోడు రమ్మని నన్ను లాక్కెళ్లింది. అపా అరుగు మీదే ఉంది. మమ్మల్ని లోపలికి తీసుకెళ్లి టీ పోసింది, మాకు దూరంగా జరిగి కూర్చుంది. షాకెన్ తాను తీసి బల్ల మీద పెట్టింది.

"కాగు దొరకలేదు అపా. నేను అబద్ధమాడాను. తీసేసుకోండి."

"తియ్యి దాన్ని" అంది అపా. "సుయున్చు వెనక్కి తెస్తావా? నా చావు కబురు మోసుకొచ్చినట్టుంది."

ఇద్దరం తల దించుకున్నాం. ఆవిడ తన వేళ్ల కణుపులు నొక్కుకుంటూ అడిగింది:

"మిగతా ఇళ్లలో ఏం కావాలో నువ్వే అడిగావటగా. నన్నెందుకు అడగలేదే?"

"మీ దగ్గర ఏముంది అపా అడగడానికి?"

"బయటికెళ్లి మళ్లీ రండి. సుయున్చు అని కేకెయ్యి. ఏం కావాలని నేనంటా. కొట్టంలో గడ్డి కింద ఉన్నదేదో అది కావాలి అను."

మాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అదేంటో తట్టాక కూడా కూర్చునే ఉన్నాం. ఆవిడే మమ్మల్ని గుమ్మం దాకా తోసింది. షాకెన్ బయటికెళ్లి తిరిగొచ్చింది. లోగొంతుకతో "సుయున్చు" అంది. అపా లెక్కప్రకారం ఏం కావాలని అడిగింది. ఇది లెక్కప్రకారం చెప్పింది.

"ఎవడో లారీకి ఎత్తేస్తాడని భయమేసి, మా ముసలాయన చేత బండి కట్టించి తెచ్చేసుకున్నా" అంది అపా గోడకి చెప్తున్నట్టు. "కాపాడదామనే తెచ్చా. మర్నాటికి తలుపు పోయింది. ఆ మర్నాడు గొట్టాలు. అక్కడ పనిచేసేదే తీసింది, మనకేంటి అనుకుని ఉంటారు. ఊరు మురికి పట్టింది నా వల్లే. ఎక్కడి నుంచో ఇంకో కాగు వస్తుందిలే అనుకుంటూ కూర్చున్నా ఇన్నాళ్లూ. ఎవరికీ చెప్పకండే."

చెప్పలేదు. షాకెన్ కూడా చెప్పలేదు, అదే పెద్ద వింత. అగాయ్‌కి మాత్రం చెప్పి, కాగు మీద గడ్డి కప్పి బండి మీద తీసుకెళ్లాం. జిల్లా నుంచి వచ్చిందని అగాయ్ అందరితో అన్నాడు.

తర్వాతి శనివారం పిడకలు మండాయి. మధ్యాహ్నానికి మా మేకపేగుల గోడ కారడం మొదలుపెట్టింది, కాగులో నీళ్లు గుడగుడమన్నాయి. మొదటి వంతు ఆడవాళ్లది. పిల్లలూ తల్లులూ ముసలమ్మలూ, అంతా ఒకటే అరుపులు, నవ్వులు. ఒకరి పొట్ట చూసి ఒకరు ఎగతాళి. ఆ ఆవిరిలో బత్మకాన్ అపా అక్కడ కూడా తలుపు దగ్గరే, ఒక మూలకి ఒదిగి, ఆ ఉబ్బిన వేళ్లతో తన భుజం తనే తోముకుంటోంది. చెంబు రెండుసార్లు జారింది.

"అగాయ్ పుణ్యమా అని జిల్లావాళ్లు మంచి కాగే ఇచ్చారు" అంది ఎవరో.

అపా చేతిలో చెంబు కింద పెట్టేసింది. "జిల్లా నుంచి రాలేదు. నా కొట్టంలోంచి వచ్చింది. మూడేళ్లు నేనే దాచాను."

షాకెన్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇన్నాళ్ల తర్వాత ఒళ్లు కడుక్కోవడానికి వచ్చిన మనిషి, అందరి ముందూ ఇలా మాట్లాడి, ఇక ఈ తలుపు కూడా దాటి వెళ్లిపోతుందని నాకు భయమేసింది.

మా అమ్మ బల్ల మీంచి లేచి, ఒంటినిండా సబ్బు నురగతో తాపీగా నడుచుకుంటూ ఆవిడ దగ్గరకి వెళ్లింది.

"తెలుసులే అపా. మీరు కాగు లాక్కెళ్లిన రోజు మంచులో బండి జాడ మీ వాకిటి దాకా ఉంది. తెల్లారకముందే మా అత్తగారు చీపురు పట్టుకెళ్లి ఊడ్చేసి వచ్చింది. ఇంటికొచ్చి, 'బత్మకాన్‌ని ఎవరైనా ఒక్క మాటంటే ఊరుకోను' అంది."

"మా వాకిటి ముందు నేను ఊడ్చాను" అంది పొరుగింటి ఆవిడ ఆవిరిలోంచి.

"అందరూ తెలిసే ఊరుకున్నారా?" అంది అపా. "మూడేళ్లూ?"

"మా ఇంట్లో తలుపుంది, మేం మిమ్మల్నేం అడుగుతాం" అంది అమ్మ. "ఊరందరి వీపులూ రుద్దారు. ఇటు తిరగండి."

అపా ముఖం తుడుచుకుంది. ఏడుస్తోందో, ఆవిరో, నాకు తెలియలేదు. తర్వాత మెల్లగా నేల మీద చెయ్యి ఆన్చి, జరిగి, మా అమ్మకి వీపు తిప్పింది. సన్నటి, తెల్లటి, ఎముకలు తేలిన వీపు. అమ్మ పీచుకి సబ్బు రాసింది. అమ్మ వెనక షాకెన్, షాకెన్ వెనక నేను, నా వెనక పొరుగింటి ఆవిడ, ఆవిడ వీపు రుద్దే వంతు కోసం నిలబడ్డాం.