రెండు కూతల ఉపవాసం

సత్తిరాజుకు రైల్వే డాక్టరు మీద కోపం వచ్చింది జబ్బు చెప్పినందుకు కాదు, రంగు చూపించినందుకు. డాక్టరు గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో ఈయన మూత్రం నాలుగు చుక్కలు వేసి, దీపం మీద కాచాడు. చూస్తుండగానే నీలం పోయి ఇటుక రంగు తేలింది. ఇరవై ఏళ్లుగా విజయనగరం లైనులో గూడ్సు బండి నడుపుతున్న మనిషికి ఎరుపంటే ఏమిటో ఒకరు చెప్పాలా?

ఒంట్లో చక్కెర జాస్తిగా ఉందన్నాడు డాక్టరు. బండెక్కొద్దని సిక్కు లిస్టులో పెట్టి మూడు నెలలు గడువిచ్చాడు. గడువు చివర కాచినప్పుడు మందు నీలంగానే ఉండిపోతే సరే, లేదంటే ఇంజను దిగి లోకో షెడ్డులో గుమస్తా పక్కన బల్ల మీద కూర్చోవలసిందే.

బల్ల అన్న మాటకు సత్తిరాజు హడలిపోయాడు. బి.ఎన్.ఆర్. అన్న రైల్వే పేరు మారిపోయినా రాయపూర్ కాలనీలో అందరూ ఇంకా ఆ పేరే పలికే రోజులవి. అక్కడి తెలుగు ఇళ్లన్నిటికీ విజయనగరం నుంచి బెల్లం దిమ్మలు, తాండ్ర చాపలు ఇంజనులో వేసుకొచ్చి పంచేది సత్తిరాజే. పంచడానికి వెళ్లిన ప్రతి ఇంట్లోనూ నోరు తీపి చేసి గాని పంపేవారు కారు. జబ్బు అలా వచ్చిందే. అయినా ఆయన ఆ బెల్లాన్ని ఒక్క మాట అనలేదు, డాక్టరునే తిట్టుకున్నాడు.

అన్నం తగ్గించి ఒళ్లు తగ్గించుకోమన్న డాక్టరు, ప్రకృతి వైద్యం చేయించుకుంటానంటే అడ్డు చెప్పలేదు. ఊళ్లోనే గుఢియారీ పేటలో పట్టాల పక్కన పెంకుటింట్లో పరదేశి అనే పెద్దాయన ఉండేవాడు. ఒకప్పుడు కుస్తీలు పట్టినవాడు. ఇప్పుడు మట్టితో, నీళ్లతో, ఆసనాలతో వైద్యం చేస్తున్నాడు. ఆ ఇంట్లో గడియారం లేదు. ఆయనకు పొద్దు తెలిసేది రైళ్లతోనే.

"దేఖో డ్రైవర్ బాబూ," అన్నాడు పరదేశి. "తెల్లవారి గూడ్సు పోగానే లేచి ఆసనాలు వెయ్యి. తరవాత పొట్ట మీద మట్టిపట్టీ వేసుకుని పడుకో. నాగపూర్ ప్యాసింజరు కూసేదాకా నీళ్లు తప్ప ఏమీ ముట్టకు. కూశాక ఒక్క జొన్నరొట్టె, కాకరకాయ కూర. మళ్లీ పొద్దు వాలేదాకా నోరు కట్టేసుకో."

సత్తిరాజు బుద్ధిగా తలూపాడు. రైళ్లు వేళకు రావని రైల్వేవాడికి తెలియదా అంటే, తెలుసు. ఇంకొకరి ప్రయాణానికైతే ఇట్టే గుర్తొచ్చే ఆ సంగతి తన కడుపు దగ్గరకొచ్చేసరికి తట్టలేదు, అంతే.

ఎనిమిదికి రావలసిన ప్యాసింజరు మొదటి రోజు తొమ్మిదిన్నరకు వచ్చింది, రెండో రోజు పదిన్నరకు. ఆసనాలు సరేసరి. కాళ్లు చాపి వంగి బొటనవేళ్లు పట్టుకోమంటే పొట్ట అడ్డం పడింది. ఆ వేళ్లను ఆయన చూసుకుని ఏళ్లయింది. ఆ తరవాత చల్లటి మట్టి పొట్ట మీద వేసుకుని తన ఇంటి వసారాలో వెల్లకిలా పడుకుని, సాటి డ్రైవర్లను వరసపెట్టి తిట్టేవాడు. "ఆ దరిద్రుడు దుర్గు టేసన్లో టీ తాగుతూ కూకున్నాడు. ఇంజనుకి నీళ్లు పట్టి రావడానికి ఇంతసేపేటి?"

భార్య రమణమ్మ రొట్టె పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడేది.

పదకొండో రోజున సరిగ్గా ఏడింటికి పొడుగాటి కూత వినిపించింది. అది ప్యాసింజరు కూత కాదు. యార్డులో పెట్టెలు అటూ ఇటూ నెట్టే ముసలి షంటింగ్ ఇంజనుది, గొంతు పట్టిన మేక అరిచినట్టుంటుంది. ఆ ఇంజను నడిపేది రమణమ్మ తమ్ముడు నూకరాజు. ఇంజను ఒక్కసారి దగ్గితే దాని నంబరు చెప్పగల సత్తిరాజుకు ఆ సంగతి తెలియకపోతుందా? చెవికి తెలిసింది. కాని కడుపు ఆ చెవిని నోరు మూసుకోమంది.

"బండొచ్చినట్టుంది," అన్నాడు సత్తిరాజు కళ్లు మూసుకునే.

"అవును, ఇయాల పెందలాడే వచ్చింది," అంది రమణమ్మ పళ్లెం పెడుతూ.

అక్కడితో ఆగినా బాగుండేది. పదింటికి అసలు ప్యాసింజరు కూసినప్పుడు, వైద్యుడు చెప్పిన కూత ఇదే కదా అని ఇంకో రొట్టె తినేవాడు. ఇలా మొగుడూ పెళ్లాలిద్దరూ ఒకరికొకరు తెలియనట్టు నటిస్తూ నెలన్నర గడిపేశారు.

రెండో నెలాఖరున డాక్టరు మళ్లీ గొట్టం కాచాడు. ఈసారి ఆకుపచ్చ రంగు వచ్చింది. సత్తిరాజు ముఖం వెలిగిపోయింది. "లైను క్లియరండీ," అన్నాడు.

"ఇది సిగ్నల్ కాదయ్యా. పచ్చగా ఉందంటే చక్కెర ఇంకా ఉందనే. నాకు నీలం కావాలి. నీకింక నెలే ఉంది."

రైల్వేలో లేని రంగు తెమ్మంటాడేమిటని గొణుక్కుంటూ సత్తిరాజు పరదేశి దగ్గరికి వెళ్లాడు. పరదేశి అంతా విని, గడ్డం గోక్కుని, మెల్లగా అడిగాడు. "మా ఇంటి దగ్గర ప్యాసింజరు రోజుకు ఒక్కసారే కూస్తుంది. మీ ఇంటి దగ్గర ఎన్నిసార్లు కూస్తుంది డ్రైవర్ బాబూ?"

సత్తిరాజు తల దించుకున్నాడు. సిగ్గుతో పాటు భయం కూడా వేసింది. షెడ్డులో బల్ల కళ్లకు కట్టింది. దాని మీద తను, బయట తన ఇంజనెక్కి వేరెవడో. ఆ భయాన్ని కోపం చేసుకుని ఇంటికి మోసుకొచ్చాడు.

"ఒలే, మీ తమ్ముడి చేత దొంగ కూత కూయించింది నువ్వే గదా? నా మీద జాలిపడి నా ఇంజను పోగొడతావేటి?"

రమణమ్మ బియ్యం ఏరుతున్న చేట కింద పెట్టింది. "నీ మీద జాలెవరు పడ్డారు? నువ్వు తినకుండా నానెలా తింతాను? నాలుగింటికి లేచి, కుళాయి నీళ్లు మోసి, నీకు మట్టి తడిపి, రొట్టె కాల్చి, పది దాకా పళ్లెం పట్టుకుని నిలబడాల. పదోనాడు కళ్లు తిరిగి గుమ్మం పట్టుకున్నాను. నువ్వు చూడలేదు, దుర్గు డ్రైవర్ని తిడతన్నావు. ఆ సాయంత్రమే తమ్ముణ్ణి పెందలాడే కూయమన్నాను."

ఆ పళ్లెం వెనక ఇంకో ఆకలి నిలబడి ఉందని ఇన్నాళ్లూ సత్తిరాజుకు తోచనే లేదు. ఇరవై ఏళ్లుగా తను ఇంట్లో లేకుండా లైనులో ఉన్న రోజుల్లోనే ఈ మనిషి వేళకు తిన్నదేమో అనిపించింది.

మర్నాడు ఏడింటికి మేక గొంతు అరిచింది. రమణమ్మ అలవాటు కొద్దీ పళ్లెం తెచ్చి, అంతలోనే గుర్తొచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"నీ గాడీ వచ్చింది. కూకుని తిను," అన్నాడు సత్తిరాజు మట్టి కిందనుంచి.

"మరి నువ్వు?"

"నా గాడీ వెనకాల వస్తాది."

ఆమె నమ్మనట్టు కాసేపు చూసింది. తరవాత ఆయనకు వీపు పెట్టి కూర్చుని, తప్పు చేస్తున్నదానిలా గబగబా తినేసింది. కరకరమని రొట్టె నమిలే చప్పుడు వింటూ సత్తిరాజు పదీ ఇరవైదాకా పడుకున్నాడు. ఆ రోజు ఏ డ్రైవర్నీ తిట్టలేదు.

మిగిలిన నెలంతా అలాగే గడిచింది. ఆఖరి రోజున డాక్టరు గొట్టం కాచాడు, ఇంకాసేపు కాచాడు, దీపం తీసేసి వెలుగులో పెట్టి చూశాడు. నీలం నీలంగానే ఉంది. మట్టీ ఆసనాలూ మానొద్దని, బెల్లం ముట్టొద్దని, మూడు నెలలకోసారి వచ్చి కనబడమని చెప్పి ఫిట్ కాగితం చేతిలో పెట్టాడు.

సత్తిరాజు ఆ కాగితం పట్టుకుని తిన్నగా యార్డుకు వెళ్లాడు. నూకరాజు ఇంజను మీదనుంచి వంగి చూసి, బావ ముఖంలోనే సంగతి చదివేశాడు.

"అయితే ఇంక పొద్దున్న కూత ఆపీమంటావేటి బావా?"

"ఆపకురా," అన్నాడు సత్తిరాజు. "నాను లైనులో ఉన్నా, ఇంట్లో ఉన్నా నువ్వు ఏడింటికి కూయాల. మీ అక్క ఆ కూతకే తింతాది."