గద్దె మీది పిల్లలు

కిరీటం వాడికి పెద్దదైంది, లోపల గుడ్డ కుక్కారు కాబోలు, అయినా కనుబొమల మీదికి జారుతూనే ఉంది, ఇంతమంది పెద్దలున్నారు, ఒక్కరికీ కనబడదా, పోయిన మఠాధిపతి, ముసలి అప్పగారి తలకు చేయించిన వెండి కిరీటం తొమ్మిదేళ్ళ తలకు ఎట్లా సరిపోతుంది, నిన్న మంగలి పీరప్ప గుండు గీస్తుంటే గాటు పడి చెవి పైన నెత్తురు చుక్క నిలిచింది, అబ్బా అని కూడా అనలేదు నా కొడుకు, శ్రీశైల్, ఆ పేరు ఇంకాసేపే, నేను వెళ్ళి వాడి పాదాలకు మొక్కగానే ఆ పేరు చచ్చిపోతుందట, ఈ మఠం ఆనవాయితీ అది, కన్నతల్లి మొదట మొక్కాలి, అప్పుడే గద్దె వాడిదవుతుంది, ఆ తరువాత నేను వాడికి తల్లిని కాను, ఊళ్ళో అందరిలాగే అప్పగారూ అని చేతులు కట్టుకుని నిలబడాలి, ఖండప్ప చిన్నమామ పొద్దున మళ్ళీ చెప్పాడు, మా మామగారి తమ్ముడు, మఠం పెత్తనమంతా ఆయనదే, సూడు బిడ్డా మౌనశ్రీ, మొక్కేటప్పుడు పేరు వెట్టి పిలిచినవనుకో, పట్టం చెడ్తది, గద్దె ఖాళీగ ఉంటే మఠం సర్కార్ చేతులకు పోతది, నోరు జర కాపాడుకో, అని నవ్వుతూ చెప్పాడు, ఆయన ఏదైనా నవ్వుతూనే చెబుతాడు.

బీదర్‌లో కాలేజీ పిల్లలకు చరిత్ర చెప్పేదాన్ని, గద్దెల సంగతి నాకు తెలియదా, పోయిన వారమే రోము పాఠం చెప్పాను, ఎలాగబాలస్, పద్నాలుగేళ్ళ చక్రవర్తి, అంతకు ముందు సిరియాలో ఒక గుడి పూజారి, సూర్యుడి ముందు ధూపం వేసి ఆడుతూ పాడుతూ తిరిగే పిల్లవాడు, వాళ్ళ అమ్మమ్మ వాణ్ణి సైన్యానికి చూపించి వీడు చనిపోయిన చక్రవర్తి కొడుకే అంది, సైనికులు ఔనన్నారు, అంతే, వేరియస్ అనే చిన్నప్పటి పేరు పోయింది, ఆంటొనైనస్ అనే పెద్ద పేరు వచ్చింది, ఊదారంగు వస్త్రం కప్పారు, నాలుగేళ్ళు తిరక్కుండానే వాడు మాట వినడం మానేస్తే అదే అమ్మమ్మ ఇంకో మనవణ్ణి తెచ్చి చూపించింది, ముందు బెంచీ హేబ్సిబా నోరు తెరిచి, సొంత అమ్మమ్మేనా మేడం, అంది, సొంత అమ్మమ్మే తల్లీ అన్నాను, మొన్న కారులో ఔరాద్ దాటి ఈ ఊరికి వస్తుంటే నా ఒళ్ళో పుస్తకం, అందులో ఆ చక్రవర్తి పాలరాతి తల బొమ్మ, ముక్కు కొసన కొంచెం విరిగింది, శ్రీశైల్ వేలు పెట్టి, అమ్మా, గీ పిల్లగాడు రాజా, అన్నాడు, ఔ బిడ్డా అన్నాను, మరి తర్వాత ఏమైండు, ఏమని చెప్పను, కిటికీలోంచి కందిచేల వైపు చూస్తూ మంచిగ ఏలిండు అన్నాను, వాళ్ళమ్మ ఉండెనా ఆడ, ఉండె, చివరిదాక వానితోనే ఉండె, అది అబద్ధం కాదు, సైనికులు కత్తులు దూసి వచ్చిన రోజు ఆ తల్లి కొడుకును గట్టిగా పట్టుకునే ఉంది, ఇద్దరినీ అట్లాగే నరికారు, కొడుకును వీధుల్లో ఈడ్చుకుపోయి నదిలో పారేశారు, ఇవేవీ చెప్పలేదు, అయితే మంచిదేనే అని వాడు నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు.

డెంగీ వచ్చి వాడు ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు మా అత్త రాచమ్మ కొంగు పట్టి, నా మనుమడు బతికితే మఠానికే ఇస్త, అని మొక్కింది, వాడు బతికాడు, డాక్టరు బతికించాడంటే ఎవరు వింటారు, నర్సు సూది పట్టుకుని వచ్చినప్పుడల్లా వాడు ఏడ్చేవాడు కాదు, మొహం బండలా పెట్టుకుని కాలి వేళ్ళు లోపలికి ముడుచుకునేవాడు, పాలు తాగే వయసులో టీకా వేయించిన నాటి నుంచీ అంతే, వాడికి భయమైతే మొహంలో కనబడదు, కాలి వేళ్ళలో కనబడుతుంది, ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు, మా ఆయన వీరేశ్‌కు కూడా, మంచివాడే గాని చిన్నాయన ముందు నోట్లో నాలుక ఉండదు, ఏమైతదే, వారం వారం వచ్చి సూస్తం గద, అంటాడు, అబద్ధమెందుకు, ఊరి వాళ్ళు వాడి కాళ్ళ మీద పడుతుంటే మొదట నా ఛాతీ కూడా ఉప్పొంగింది, మా పిన్ని కూతురు ఫోన్ చేసి, నీ కడుపు పండిందే అక్కా, అంటే నవ్వాను.

ఆ బావి చూడకపోతే బాగుండేది, ముసలి అప్పగారు పోయినాక ముందు గద్దె ఎక్కించింది నా కొడుకును కాదు, దాయాదుల ఇంటి పిల్లవాణ్ణి, మహా చురుకైన వాడట, రోడ్డు పక్క మఠం భూమి ఎవరికిస్తున్నరు, నన్నెందుకు అడగలేదు, అని పదిమందిలో అడిగాడట, ఆ వానాకాలమే మఠం వెనక బావిలో కాలుజారి పడి చనిపోయాడు, కాలుజారింది, అందరిదీ అదే మాట, నేనూ నమ్మాను, నిన్న సాయంత్రం చిన్నమామ నన్ను తనే తీసుకెళ్ళి బావి చూపించాడు, మీద కొత్త ఇనుప జాలీ, దానికి తాళం, తాళంచెవి ఆయన మొలతాడుకు, ఇగ ఫికర్ లేదు బిడ్డా, అయినా నీ కొడుకు చెప్పిన మాట ఇంటడు, ఆ పోయినోని లెక్క కాదు, అన్నాడు, నవ్వాడు, నేనూ తల ఊపాను, ఇంటి దాకా వచ్చాక తట్టింది, కాలుజారడానికీ మాట వినడానికీ సంబంధమేమిటి, అత్తతో అంటే, అశుభం పలుకకు తల్లీ, దేవుని పనికి అడ్డం పోకు, అని నా నోటి మీద చెయ్యి పెట్టింది.

డోలు ఆగింది, తల్లి ముందు రావాలె, అని ఎవరో కేకేశారు, అత్త వీపు మీద చెయ్యి వేసి, పో బిడ్డా, అంది, చేతిలో పళ్ళెం, అందులో పూలు, విభూది, వెనక వంటశాల నుంచి హుగ్గి పాయసం ఉడుకుతున్న వాసన, ఊరంతా తినడానికి వచ్చింది, చిన్నమామ పక్కన ఆయన కూతురు పింకి కొడుకు కూర్చున్నాడు, ఆరేళ్ళుంటాయేమో, వాడికి కూడా కాషాయం చుట్టారెందుకు, పొద్దున చిన్నమామను అడిగితే, ఊకెనే, అలవాటు కానీ, అన్నాడు, ఇంకో మనవడు, అమ్మో, ఇంకో మనవణ్ణి ఇప్పుడే తెచ్చి పక్కన పెట్టుకున్నాడు, మాట వినేంత వరకే గద్దె మీద నా కొడుకు, మీసాలొచ్చి ఇదేంది అదెందుకు అని అడిగిన నాడు ఆ తాళం తీస్తారు, కాళ్ళు నడుస్తున్నాయి, శ్రీశైల్ నన్ను చూడడం లేదు, చూడొద్దని నేర్పారు, మొహం బండలా ఉంది, ఏం కళ ఉన్నదే పిల్లగాని మొకంల, అని ఒక ముసలమ్మ మురిసిపోతోంది, వంగాను, మొక్కడానికే వంగాను, గద్దె అంచున పసుపు రాసిన పాదాలు, వేళ్ళు, అన్నీ లోపలికి ముడుచుకుని గోళ్ళు తెల్లబడి ఉన్నాయి, నా బిడ్డ, ఇంతమంది నడుమ ఒక్కడే భయపడుతూ కూర్చున్న నా బిడ్డ, ఆ రోము తల్లి కూడా కొడుకును పట్టుకుంది గదా, చచ్చిందాకా విడవలేదు గదా, కానీ కత్తులు వచ్చిన రోజు పట్టుకుంటే ఏం లాభం, గద్దె ఎక్కించిన రోజు పట్టుకోవాలి, ఇవాళ పట్టుకోవాలి, ఇంకా మొక్కక ముందే, పేరు పెట్టి పిలిస్తే పట్టం చెడుతుందని చిన్నమామే చెప్పాడు, చెడనీ, పళ్ళెం కింద పెట్టి కిరీటం తీసి పక్కన పెట్టాను, శ్రీశైల్, అన్నాను, ఊరంతా వినేంత గట్టిగా, శ్రీశైల్, దిగు బిడ్డా, ఇంటికి పోదాం, వీరేశ్ లేచి నిలబడ్డాడు, చిన్నమామ మొహంలో నవ్వు లేదు, ఇన్నేళ్ళలో మొదటిసారి లేదు, లేకపోతే పోనీ, నా మెడ చుట్టూ శ్రీశైల్ చేతులు పడ్డాయి, ఆ పేరు పెట్టింది నేను, దాన్ని చావనివ్వను.