మూడో పిలుపు

రోజూ పదిన్నరకి బంట్రోతు తన స్టూలు తుడుచుకుని కూర్చుని, మోకాళ్లు నిమురుకుని, పిలవడం మొదలుపెట్టేవాడు. కట్టడాలకి అనుమతులిచ్చే ఆఫీసది. అభ్యంతరం తేలేదాకా అనుమతి రాదు. అభ్యంతరం ఉన్నవాళ్లు స్వయంగా హాజరు కావాలి. మూడుసార్లు పిలుస్తారు. పలక్కపోతే గుమాస్తా గైర్హాజరని రాసి, అభ్యంతరం కొట్టేస్తాడు. ముప్ఫై నాలుగేళ్లు పిలిచీ పిలిచీ బంట్రోతు గొంతు అరిగిపోయింది. ఇంకొన్నాళ్లు పిలిస్తే రిటైరై, ఇంటికెళ్లి పడుకోవచ్చు.

ఊరి చివర అడవి కొట్టి ఇళ్లు కడతామని నోటీసు పడ్డప్పుడు, అడవి తరఫున మేడిచెట్టు వచ్చింది. వేళ్లీడ్చుకుంటూ నాలుగు మైళ్లు నడిచేసరికి సగం ఆకులు రాలిపోయాయి. కొమ్మ మీది పిట్టగూడు మాత్రం చెదరకుండా తెచ్చుకుంది.

"ఇప్పుడే తుడిచాను, ఆ మట్టికాళ్లు అక్కడే దులుపుకో," అని ఊడ్చే ఆవిడ కసిరింది. టైపిస్టు తన గొడుగు దానికి తగిలించింది.

రెండు వాయిదాలు అలా గడిచాయి. పిలవగానే చెట్టు ఓ కాయ రాల్చేది. గుమాస్తా 'హాజరు' అని రాసుకునేవాడు.

మూడో వాయిదాకి ఆఫీసరు విచారణని మేడమీదికి మార్చాడు. అప్పటికి బంట్రోతు రిటైరవడానికి పదకొండు రోజులే ఉన్నాయి.

"చెట్టు మెట్లెక్కలేదు గదండీ," అన్నాడు బంట్రోతు.

"గది గుమ్మం దాటితేనే హాజరు. నువ్వు గబగబా పిలిచెయ్. పోయేముందు నాతో పేచీ ఎందుకయ్యా?"

బంట్రోతు మెట్ల పైన నిలబడి పిలిచాడు. "అడవి తరఫు మేడిచెట్టూ!"

కింద చెట్టు మొదటి మెట్టు మీద వేరు పెట్టింది. అది చూసి ఇతను స్టూలు మీద కూర్చుండిపోయాడు.

"రెండో పిలుపేదీ?" అన్నాడు గుమాస్తా.

"ఆయాసంగా ఉంది బాబూ. అయినా పిలుపుకీ పిలుపుకీ మధ్య ఎంతసేపుండాలో ఏ రూల్లో ఉందో చూపించు."

గుమాస్తా పుస్తకమంతా తిరగేశాడు. ఎక్కడా లేదు. పిలవడం మొదలుపెట్టినవాడే మూడూ పూర్తి చెయ్యాలని మాత్రం ఉంది.

సాయంత్రానికి చెట్టు రెండు మెట్లెక్కింది. మర్నాడు ఒకటి. ఎనిమిదో రోజున, అది మెట్ల మలుపు చేరాక, రెండో పిలుపు పిలిచాడు. చెట్టు కదల్లేదు. అక్కడ కప్పు కారి గచ్చు ఎప్పుడూ తడిగా ఉంటుంది. వేళ్లు ఆ పగుళ్లలోకి దిగిపోయాయి.

"ఇంకా తొమ్మిది మెట్లేనే తల్లీ," అని బతిమాలాడు. దానికీ ఓపిక అయిపోయింది. గూట్లో పిల్లలు మాత్రం నోళ్లు తెరుచుకుని అరుస్తున్నాయి.

పదకొండో రోజున ఇంటికి తీసుకెళ్దామని భార్య వచ్చింది.

"ఆ ఒక్కటీ పిలిచేసి పో," అన్నాడు ఆఫీసరు. "పిలుపు మిగిలుంటే నిన్ను రిలీవ్ చెయ్యడం కుదరదు."

"పిలిచెయ్యవయ్యా, పోదాం. పక్క కూడా వేసొచ్చాను," అంది భార్య.

అతను నోరు తెరిచాడు. మళ్లీ మూసేశాడు. స్టూలు చంకన పెట్టుకుని మెట్లు దిగి, మలుపులో చెట్టు కింద వేసుకున్నాడు.

"నీ మొండితనం తగలెయ్య," అని భార్య పక్కనే మెట్టు మీద కూలబడింది.

ఆరేళ్లయింది. అడవి అలాగే ఉంది. ఆఫీసర్లు ముగ్గురు మారారు. ఇప్పటికీ పదిన్నరకి అతను స్టూలు తుడుచుకుని కూర్చుంటాడు.

"పెద్దాయనా, ఇవాళైనా పిలుస్తావా?" అని కొత్త ఆఫీసరు అడుగుతాడు.

"గొంతు సవరించుకుంటున్నా బాబూ."

అతని ఒళ్లో ఓ కాయ రాలుతుంది.