బొటనవేలంత పిట్ట

అడవికి వెళ్లిన ప్రతిసారీ బరువులన్నీ నావే. మూడుకాళ్ల కెమెరా స్టాండు, టీ ఫ్లాస్కు, మా ఆయన తువ్వాలు, మందుల డబ్బా. "నీకేం తల్లీ, షికారు," అంటుంది మా అత్తగారు. ఈసారికి రానంటే, "వాడొక్కడే మోసుకుపోవాలా?" అంటుంది. ఆయన పిట్టల ఫొటోలు తీస్తారు. ఆ పిట్టల్ని వెతికేది నేను. ఏ ఆకు కదిలినా ముందు నా కంటే పడుతుంది. వేలితో చూపించి, ఊపిరి బిగబట్టి ఆయన వెనక్కి జరుగుతాను. పన్నెండేళ్లుగా అక్కడ మా ఇద్దరి మధ్య మాటలు రెండే. "ఎక్కడ?" "అదిగో."

ఆయనకు చిక్కనిదల్లా ఒక చిన్న జాతి వడ్రంగిపిట్ట. బొటనవేలంత ఉంటుంది. మూడేళ్లు తిరిగినా తోక కూడా కనబడలేదు. ఒకరోజు ఆయన జ్వరంతో పడుకుంటే, కెమెరా తీసుకుని నేనొక్కదాన్నే వెళ్లి వెదురుపొద పక్కన కూర్చున్నాను. కాళ్లు తిమ్మిరెక్కాక, ఎవరో గోటితో చెక్కపెట్టె మీద కొడుతున్నట్టు సన్నటి చప్పుడు. అది తలకిందులుగా వేలాడుతూ ఎండు వెదురును తొలిచి, కన్నంలోకి నాలుక పంపి చీమల గుడ్లు లాక్కుని తింటోంది. ఆపకుండా బటన్ నొక్కుతూనే ఉన్నాను. అది ఎగిరిపోయాక చుట్టూ చూశాను. ఎవరికి చెప్పను? "అదిగో," అన్నాను పైకే. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఇంటికొచ్చి చూపిస్తే ఆయన మంచం మీద లేచి కూర్చున్నారు. చాలాసేపు చూసి, వెలుతురు కాస్త తక్కువైందన్నారు. రెండు నెలలకు ఆ ఫొటో ఒక పత్రిక ముఖచిత్రంగా వచ్చింది. కింద ఆయన పేరు. అడిగితే, "కెమెరా నాది, సెట్టింగులు నావి. నువ్వు నొక్కావు, అంతేగా," అన్నారు. అత్తగారు వచ్చినవాళ్లందరికీ ఆ పత్రిక చూపిస్తూ నా చేత టీలు పెట్టించింది. కప్పులు అందిస్తూ నేనూ వాళ్లతోపాటు వంగి చూశాను, ఎవరో తీసిన ఫొటోను చూసినట్టు.

నిన్న పొద్దున ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తుంటే ఆ పత్రిక సంపాదకురాలి నుంచి ఫోనొచ్చింది. ఆ పిట్ట ఎంతసేపుంది, ఎలా తొలిచింది, ఏం తింది, అన్నీ ఆయన నోటి నుంచే వినాలంటోంది. ఆయన ఫోనును అరచేత్తో మూసి నావైపు తిరిగారు.

"అదేం తింటోంది?"

జవాబు నోటిదాకా వచ్చింది. ఇస్త్రీపెట్టె నిలబెట్టి స్విచ్చి ఆపాను.

"ఫోనిలా ఇవ్వండి," అన్నాను. "ఆవిడకు నేనే చెప్తాను."